స్టాండ్ మిక్సర్ కొనాలా? ముందు మీ ఇంట్లో వారానికి ఎంత పిండి కలుపుతారో చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇంట్లో నలుగురు. మిక్సీ, వెట్ గ్రైండర్ ఇప్పటికే ఉన్నాయి. రోజూ రాత్రి చపాతీలు, నెలకి రెండు మూడుసార్లు కేకులు, ఈ మధ్యే బ్రెడ్డు కూడా మొదలుపెట్టారు. మీ తమ్ముడు డాలస్ నుంచి దసరాకి వస్తూ స్టాండ్ మిక్సర్ తెస్తానంటున్నాడు. తెప్పించుకోవాలా, ఇక్కడే కొనుక్కోవాలా, అసలు అవసరమా? ఇడ్లీ పిండి కూడా అందులోనే అయిపోతుందా?

ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే పొరబడతారు. అవదండీ. స్టాండ్ మిక్సర్ రుబ్బదు. పేరులో మిక్సర్ అని ఉంది కదా, మన మిక్సీకి పెద్దన్నయ్య అయి ఉంటుందనుకుంటారు. అది కలుపుతుంది, పిసుకుతుంది, గిలక్కొడుతుంది. అంతే. దాంట్లో బ్లేడూ లేదు, రాయీ లేదు. నానబెట్టిన మినప్పప్పు అందులో పోసి తెల్లవార్లూ తిప్పినా పప్పు పప్పులాగే ఉంటుంది.

నేను విజయవాడలో ఇంటి నుంచే కేకులు, బ్రెడ్లు చేసి ఇస్తూ పదకొండేళ్ళు అయింది. ఇప్పటికి రెండు స్టాండ్ మిక్సర్లు వాడాను. అందులో ఒకదాన్ని నా చేతులతో నేనే చంపాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈ యంత్రం ఎందుకు పుట్టిందో తెలిస్తే ఏం చేయగలదో, ఏం చేయలేదో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్ళో హోబార్ట్ అనే కంపెనీ ఉంది. అక్కడి ఇంజనీరు హెర్బర్ట్ జాన్‌స్టన్ బేకరీల కోసం పిండి కలిపే పెద్ద యంత్రం తయారుచేశాడు. దాన్నే చిన్నది చేసి 1919లో ఇళ్ళకి అమ్మడం మొదలుపెట్టారు, కిచెన్‌ఎయిడ్ అనే పేరుతో. చిన్నది అన్నానే గానీ అది దాదాపు 30 కిలోలు, ధర 189 డాలర్ల 50 సెంట్లు. ఇంగ్లండులో 1950లో కెన్‌వుడ్ షెఫ్ అనే మిక్సర్ వచ్చింది. ఆ వంటిళ్ళలో కష్టమైన పనంటే మైదా పిసకడం, వెన్నా పంచదారా నురుగొచ్చేలా కొట్టడం, గుడ్డు తెల్లసొన గిలక్కొట్టడం. మన వంటింటి కష్టం వేరు: నానిన పప్పు, ఎండు కొబ్బరి, మిరపకాయలు, పచ్చి పసుపు. బయటి దేశం మిక్సీలు మన రుబ్బుడుకి ఆగవనే 1960ల్లో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు సుమీత్ మిక్సీ తెచ్చాడు. రుబ్బురోలు పని కోయంబత్తూరు వాళ్ళ గ్రైండర్ తీసుకుంది. అంటే మూడు యంత్రాలు మూడు వేర్వేరు కష్టాలు తీర్చడానికి పుట్టాయి. ఒకటి కొని రెండోది తీసేయడం కుదరదు.

కాబట్టి మీ ఇంట్లో ఇడ్లీ, దోసెలే ఎక్కువైతే ఈ డబ్బు పెట్టకండి. కేకులు మాత్రమే అయితే రెండు వేల లోపు దొరికే హ్యాండ్ మిక్సర్ చాలు. నేను మొదటి మూడేళ్ళు దాంతోనే బండి నడిపాను. వారానికి కనీసం రెండుసార్లు అర కిలోకి తగ్గకుండా మైదా గానీ గోధుమపిండి గానీ కలుపుతారా? అప్పుడు స్టాండ్ మిక్సర్ గురించి మాట్లాడుకుందాం. మీరు బ్రెడ్డు మొదలుపెట్టానన్నారు కాబట్టి మీకు పనికొచ్చే అవకాశం ఉంది.

ఇక చపాతీల సంగతి. ఇది వినడానికి మీకు నచ్చకపోవచ్చు. నలుగురికి చపాతీలంటే రెండు మూడు కప్పుల పిండి. నాలుగున్నర, ఐదు లీటర్ల గిన్నెలో అంత తక్కువ పిండి వేస్తే, పిండి పిసకడానికి బిగించే కొక్కెం (డో హుక్) అడుగున ఉన్న దాన్ని అందుకోదు. పిండి అంచులకి అంటుకుని కూర్చుంటుంది, కొక్కెం ఉత్తినే తిరుగుతుంది. మీరు మాటిమాటికీ ఆపి గరిటెతో గీకి మధ్యలోకి తోయాలి. ఆపాటికి చేత్తోనే కలిపేసి చెయ్యి కూడా కడుక్కుని ఉండేవాళ్ళు. మా ఇంట్లో చపాతీ పిండి ఇప్పటికీ మా అత్తయ్య చేత్తోనే కలుపుతుంది. పదిహేను మంది వచ్చినప్పుడు మాత్రం మిక్సర్‌లో వేస్తాం, అప్పుడు దాని విలువ తెలుస్తుంది. చక్కీ గోధుమపిండి నీళ్ళు మెల్లగా పీలుస్తుంది కాబట్టి ఒక నిమిషం తిప్పి, ఆపి, పది నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. తర్వాత నాలుగు నిమిషాలు తిప్పితే చాలు. ఆ పది నిమిషాలు ఆగకపోతే పిండి గట్టిగా ఉందనిపించి నీళ్ళు పోసేస్తారు, కాసేపటికి అది చేతికి అంటుకునే బంక అవుతుంది.

మీ తమ్ముడి సంగతి. వద్దనే నా సలహా.

అమెరికా కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క). మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడి మిక్సర్‌ని ఇక్కడ ప్లగ్గు మార్చి పెట్టేస్తే ఒక్క క్షణం విమానంలా మోగి, వాసన కొట్టి, ఆగిపోతుంది. ఫోన్ చార్జర్లు రెండు వోల్టేజ్‌లకీ పనిచేస్తాయి కాబట్టి అన్నీ అలాగే ఉంటాయనుకుంటారు. ఇలాంటి పెద్ద మోటారు ఉన్నవి అలా ఉండవు. వోల్టేజ్ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, మా బంధువుల ఇంట్లో ఒకరు పెట్టుకున్నారు కూడా. అది మిక్సర్ పక్కన ఇంకో ఇటుకలా కూర్చుని గుయ్యిమంటూ ఉంటుంది, ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. ఒకవేళ తెచ్చేసుకున్నా మిక్సర్ మీద రాసిన వాట్లకి రెండింతలకి తగ్గకుండా ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి, ఎందుకంటే గట్టి పిండి పట్టినప్పుడు మోటారు మామూలు కంటే ఎక్కువ లాగుతుంది. అది వోల్టేజ్‌ని మారుస్తుందే గానీ హెర్ట్జ్‌ని మార్చదని కూడా గుర్తుపెట్టుకోండి.

అక్కడి ప్లగ్గుకి చాలామంది ప్రయాణాల్లో వాడే చిన్న అడాప్టర్ తగిలిస్తారు. వాటిలో చాలావాటికి ఎర్త్ ఉండదు. లోహపు ఒళ్ళు, తడి చేతులు, కింద నీళ్ళు పడ్డ గ్రానైట్. మీరే ఊహించుకోండి. పైగా చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. మోటారు ఉండే తల పైకి లేచే రకం కిచెన్‌ఎయిడ్ ఒక్కటే పదకొండు పన్నెండు కిలోలు, అంటే 23 కిలోల సూట్‌కేసులో సగం. ఆ సగంలో ఏం తెప్పించుకోవచ్చో ఆఖర్న చెప్తాను.

ఇక్కడే కొనేటట్టయితే, షాపులో అందరూ మొదట అడిగేది వాట్లు. వెయ్యి వాట్లా, పన్నెండొందలా, పదిహేనొందలా అని. నేనూ అలాగే అడిగాను. నా మొదటి మిక్సర్ పెట్టె మీద 1500 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉండేది, బ్రాండు పేరు చెప్పను. ఆ అంకె మోటారు కరెంటు నుంచి ఎంత లాగగలదో చెప్తుంది, అదీ ఎక్కువలో ఎక్కువ. అందులో కొక్కెం దాకా ఎంత బలం చేరుతుందో చెప్పదు. 300 వాట్ల దగ్గర ఉండే కిచెన్‌ఎయిడ్ కిలో దగ్గర మైదాని నిదానంగా పిసికేస్తుంది. లోపల గేర్లు లోహంవా, ప్లాస్టిక్‌వా, మోటారు బలాన్ని అవి ఎలా కిందికి దింపుతున్నాయి అన్నదే అసలు విషయం. షాపులో అది కనపడదు. నేను చూసే గుర్తులు రెండు. ఒకటి బరువు: అయిదారు కిలోలే ఉంటే పిండికి పనికిరాదు, కేకులకి సరే. రెండోది విడిభాగాలు: గేరు, మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు విడిగా దొరుకుతాయా అని మీ ఊళ్ళోని సర్వీస్ వాళ్ళని ముందే అడగండి. కొన్నాక కాదు, కొనకముందే.

నా మొదటిది ఎలా పోయిందో చెప్తాను. సంక్రాంతికి మడత కాజాలు చేద్దామని కిలో పావు మైదా, డాల్డా, చాలా తక్కువ నీళ్ళు. కాజా పిండి ఎంత గట్టిగా ఉంటుందో చేసినవాళ్ళకి తెలుసు. నాలుగు నిమిషాలకి శబ్దం మారింది. మామూలుగా "హూం" అని పోయేది కాస్తా ఎత్తు ఎక్కలేని ఆటోలా "ఊ... ఊ..." అని లాగడం మొదలుపెట్టింది. అప్పుడే ఆపాల్సింది. ఇంకొక్క రెండు నిమిషాలైతే అయిపోతుంది కదా అని వేగం పెంచాను. టక్ మని ఒక చప్పుడు. మోటారు హాయిగా తిరుగుతోంది, కొక్కెం కదలడం లేదు. విప్పి చూపిస్తే లోపల ప్లాస్టిక్ గేరు పళ్ళు దువ్వెన విరిగినట్టు విరిగిపోయి ఉన్నాయి. కొని పద్నాలుగు నెలలు. ఆ గేరు రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు, తర్వాత అసలు రాదన్నారు.

కంపెనీని తిట్టుకున్నాను గానీ తప్పులో ముప్పాతిక భాగం నాదే. తర్వాత తెలిసింది, మంచి మిక్సర్లలో కూడా ఒక గేరుని కావాలనే కాస్త మెత్తటి సరుకుతో చేస్తారట. ఎక్కువ బరువు పడితే ముందు అది పోవాలి, మోటారు మిగలాలి. కరెంటు బోర్డులో ఫ్యూజు లాంటిదన్నమాట. తేడా ఏంటంటే వాటికి ఆ గేరు దొరుకుతుంది, నాదానికి దొరకలేదు.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న పద్ధతి: గిన్నె మీద ఎంత పడుతుందని రాశారో అందులో మూడింట రెండు వంతులే. కిలో అంటే ఆరు ఏడు వందల గ్రాములు. గోధుమపిండి అయితే ఇంకా తక్కువ. పూరీ పిండి, కాజా పిండి లాంటి గట్టివైతే అందులో సగం. పిండి పిసికేటప్పుడు వేగం రెండో నంబరు దాటదు, ఏం జరిగినా సరే. కిచెన్‌ఎయిడ్ వాళ్ళు కూడా పిండికి రెండు దాటొద్దనే చెప్తారు. వేగం పెంచితే పని తొందరగా అవదు, గేరు తొందరగా పోతుంది. జంతికల పిండి, అరిసెల చలిమిడి మాత్రం దీంట్లో అసలు వేయకండి. బియ్యప్పిండికి సాగే గుణం లేదు కాబట్టి పిసికి సాధించేదేమీ ఉండదు, యంత్రానికి మాత్రం కొండంత బరువు.

ఇప్పుడు బ్రెడ్డు. అమెరికా వాళ్ళ రెసిపీలో పది నిమిషాలు పిసకమంటారు. వాళ్ళ వంటింట్లో 20 డిగ్రీలు. మే నెలలో మా వంటింట్లో మధ్యాహ్నం 38. యంత్రం పిసికే కొద్దీ రాపిడికి పిండి వేడెక్కుతుంది. చేత్తో పిసికితే ఇంత వేడెక్కదు, ఎందుకంటే చేతులు ముందు అలిసిపోతాయి. బేకరీ వాళ్ళకి ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. పిండి ఆఖర్న 26 డిగ్రీలు ఉండాలనుకోండి. గది, మైదా, నీళ్ళు మూడింటి వేడీ లెక్కలోకి వస్తుంది కాబట్టి 26ని మూడుతో గుణిస్తే 78. అందులోంచి గది వేడి 38, మైదా వేడి 37 తీసేస్తే మిగిలేది 3. రాపిడికి ఓ పది తీసేయండి. అంటే నీళ్ళు సున్నాకి కింద ఏడు డిగ్రీలు ఉండాలి! అలాంటి నీళ్ళు ఉండవు కాబట్టి ఐసు వాడాలి. నేను ఎండాకాలంలో మైదాని ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెడతాను. అర కిలో మైదాకి 325 గ్రాముల నీళ్ళలో వంద గ్రాములు దంచిన ఐసు. పది గ్రాముల ఉప్పు, ఐదు గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. ఇవేవీ చేయకుండా పది నిమిషాలు తిప్పితే పిండి బిగువు తప్పి, మెరుస్తూ, జిగురుగా కారుతుంది. ఈస్ట్ అరగంటలోనే పొంగించేసి పుల్లటి వాసన తెస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఈస్ట్ మంచిది కాదనుకుని ప్యాకెట్ మారుస్తుంటారు.

పిండి అయిందో లేదో గడియారం చెప్పదు. నిమ్మకాయంత ముద్ద తీసి, నూనె రాసిన వేళ్ళతో నాలుగు వైపులా మెల్లగా లాగండి. చిరగకుండా అవతల వెలుతురు కనపడేంత పల్చటి పొర వస్తే అయినట్టు. నా మిక్సర్‌లో చలికాలంలో ఎనిమిది నిమిషాలు, ఎండల్లో ఆరు. మధ్యలో ఒకసారి ఆపి కొక్కెం మీదికి పాకిన పిండిని కిందికి తోయాలి. పిండి కొక్కెం ఎక్కి పై కాడ దాకా వెళ్ళిందంటే నీళ్ళు తగ్గాయనో, పిండి ఎక్కువైందనో అర్థం.

ఈ యంత్రానికి పెట్టిన డబ్బు మొత్తం వసూలైందని నాకు అనిపించింది బ్రెడ్డు దగ్గర కాదు, బొబ్బట్ల దగ్గర. తోపు పిండి ఎంతసేపు మర్దిస్తే అంత సాగుతుందని మా అమ్మ చెప్పేది. ఉగాది ముందు రోజు ఆమె పీట మీద కూర్చుని నూనె పోస్తూ, కొడుతూ, లాగుతూ గంటన్నర అదే పని. ఇప్పుడు నేను అర కిలో మైదా, చిటికెడు ఉప్పు, 350 గ్రాముల నీళ్ళు వేసి ఐదు నిమిషాలు కొక్కెంతో తిప్పుతాను. తర్వాత నూనె, ఒక్కో చెంచా చొప్పున. మొదటి చెంచా పడగానే ముద్ద గిన్నె అంచుల్ని వదిలేసి జారిపోతుంది, చప్ చప్ మని కొట్టుకుంటుంది, పిండి విడిపోయిందేమో అని టెన్షన్ వస్తుంది. ఏమీ చేయకండి. నిమిషంలో ఆ నూనె లోపలికి పోయి ముద్ద మళ్ళీ అంచుని పట్టుకుంటుంది. అప్పుడు రెండో చెంచా. అలా ఏడెనిమిది చెంచాలు తాగించాక పిండిని ఎత్తితే తెగకుండా మూరెడు జారుతుంది. పైన నూనె పోసి మూడు గంటలు నాననివ్వండి. అమ్మ మొదటిసారి చూసి "యంత్రానికి చెయ్యి తెలీదే" అంది. రెండు బొబ్బట్లు తిన్నాక ఇంకేం అనలేదు. పూర్ణం మాత్రం దీంట్లో చేయకండి, పప్పు పలుకులు మిగిలిపోతాయి. దానికి గ్రైండరే.

ఇంకో పని ఎవరూ చెప్పరు, వెన్న తీయడం. కవ్వం చేసే పనే కదా ఇది. వారం రోజుల మీగడ తోడుపెట్టి, చల్లగా ఉన్నప్పుడే గిన్నెలో వేసి, కేకు కలిపే చదునైన బీటర్ బిగించండి. గుడ్లు గిలక్కొట్టే తీగల బుట్ట వద్దు, వెన్న ఆ తీగల మధ్య ఇరుక్కుంటే తీయడానికి మీకు పూట పడుతుంది. గిన్నె చుట్టూ తడి తువ్వాలు కప్పండి. ఇది తప్పనిసరి. ముందు మీగడ చిక్కబడుతుంది, తర్వాత పలుకుపలుకుగా అవుతుంది, ఆ తర్వాత చప్పుడు ఒక్కసారి మారి వెన్న ఒకవైపు, మజ్జిగ ఒకవైపు అవుతాయి. ఆ క్షణంలో వేగం తగ్గించకపోతే మజ్జిగ మొత్తం గోడ మీద ఉంటుంది. మా వంటింటి క్యాలెండర్ మీద ఆ మరక ఏడాది పొడుగునా ఉంది. ఎండాకాలంలో గుప్పెడు ఐసు ముక్కలు వేస్తే వెన్న ముద్ద కడుతుంది.

గారెల సంగతి కూడా చెప్పాలి. గ్రైండర్ పాడై మిక్సీలో రుబ్బాల్సి వస్తే పిండి పొంగు లేకుండా, బరువుగా ఉంటుంది. దాన్ని నీళ్ళు చేర్చకుండా ఈ గిన్నెలో వేసి తీగల బుట్టతో మధ్యస్థంగా రెండు మూడు నిమిషాలు కొట్టండి. గోళీకాయంత పిండి నీళ్ళ గ్లాసులో వేస్తే తేలాలి. మునిగితే ఇంకో నిమిషం. పిండి మరీ గట్టిగా ఉంటే తీగలు వంగుతాయి, అప్పుడు చదును బీటరే వాడండి.

కేకుల గురించి మీకు చాలావరకు తెలిసే ఉంటుంది కాబట్టి మన వాతావరణానికి సంబంధించినవి రెండే చెప్తాను. రెసిపీలో "గది వేడిలో ఉన్న వెన్న" అంటే వాళ్ళ గది, మన గది కాదు. వేలు నొక్కితే గుంట పడాలి గానీ వేలికి నూనె అంటకూడదు. మే నెలలో ఫ్రిజ్ నుంచి తీసిన పది పదిహేను నిమిషాలకే ఆ స్థితి వచ్చేస్తుంది. కరిగిపోయిన వెన్నని ఎంతసేపు కొట్టినా గాలి పట్టదు, కేకు ఇటుక అవుతుంది. ఇక క్రీమ్. 25 శాతం కొవ్వు ఉన్న మామూలు ఫ్రెష్ క్రీమ్ నిలబడదు, మిక్సర్ ఎంత ఖరీదైనదైనా సరే. కనీసం 30 శాతం ఉండాలి, 35 ఉంటే మేలు. బేకరీల వాళ్ళు వాడే నాన్ డెయిరీ క్రీమ్ అయితే పూర్తిగా కరగనివ్వకుండా, లోపల ఇంకా కాస్త ఐసు పలుకులు ఉండగానే కొట్టడం మొదలుపెట్టాలి. గిన్నె, బుట్ట రెండూ అరగంట ముందే ఫ్రీజర్‌లో పెట్టండి. స్టీలు గిన్నె కాబట్టి చల్లదనం బాగా పడుతుంది. ఇదొక్కటీ హ్యాండ్ మిక్సర్‌తో కూడా అవుతుంది, దీని కోసమే అయితే కొనకండి.

కొత్త మిక్సర్ ఇంటికి రాగానే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. దేవుడి గదిలో డబ్బాలో పాత పావలా బిళ్ళ ఉందేమో చూడండి. 2011లో దానికి చెల్లుబాటు పోయింది గానీ ఇక్కడ చెల్లుతుంది. ఖాళీ గిన్నె అడుగున బిళ్ళ వేసి, చదును బీటర్ పెట్టి, అన్నిటికంటే తక్కువ వేగంలో తిప్పండి. బీటర్ వచ్చినప్పుడల్లా బిళ్ళని అర అంగుళం దాకా ముందుకి నెట్టాలి. అసలు తాకకపోతే బీటర్ ఎత్తులో ఉంది, అడుగున పిండి కలవకుండా మిగిలిపోతుంది. టకటకా కొట్టుకుంటూ గిన్నెని గీస్తుంటే కిందికి ఉంది. తల పైకి లేచే రకంలో తల, మెడ కలిసే చోట ఒక స్క్రూ ఉంటుంది. ఎడమకి కొంచెం తిప్పితే బీటర్ లేస్తుంది, కుడికి తిప్పితే దిగుతుంది. పావు చుట్టు చాలు. "మా మిక్సర్ అడుగున పిండి వదిలేస్తోంది" అని నాకు ఫోన్ చేసేవాళ్ళలో సగం మందికి ఈ స్క్రూ సంగతే తెలియదు.

ఎక్కడ పెడతారో కూడా కొనకముందే తేల్చుకోండి. అటక మీద, కింది అలమారలో పెట్టేదైతే అది మళ్ళీ బయటికి రాదు. పది పన్నెండు కిలోలు వంగి ఎత్తి, వాడి, మళ్ళీ లోపల పెట్టడం ఎవరి వల్లా కాదు. గట్టు మీద దానికంటూ చోటు ఉండాలి, తల పైకెత్తినప్పుడు పై అలమారకి తగలకూడదు. టేపు తీసుకుని కొలవండి. మన గ్రానైట్ గట్లు నున్నగా ఉంటాయి, పిండి పిసికేటప్పుడు యంత్రం మెల్లమెల్లగా అంచుకి నడుస్తుంది. కింద మందపాటి తడిగుడ్డ పరిచి, పక్కనే నిలబడండి. బ్రెడ్డు పిండి వేసి స్నానానికి వెళ్ళడం లాంటివి వద్దు.

మెయింటెనెన్స్ పెద్దగా ఉండదు. మెరుగుపెట్టిన అల్యూమినియం కొక్కెం, బీటర్ అయితే డిష్‌వాషర్‌లో వేయకండి, చింతపండు నీళ్ళలో నానబెట్టకండి. నల్లగా అయిపోయి, తర్వాత కలిపిన ప్రతి పిండికీ బూడిద రంగు అంటిస్తాయి. చేత్తో కడిగి వెంటనే తుడిచేస్తే చాలు. నెలల తరబడి వాడకుండా ఉంచితే లోపలి గ్రీజు నుంచి నూనె విడిపోయి బీటర్ కాడ వెంట గిన్నెలోకి కారుతుంది. కేకు పిండిలో గోధుమరంగు చుక్క కనపడితే అదే. గుడ్డతో తుడిచి, ఖాళీగా రెండు నిమిషాలు వేగంగా తిప్పి చూడండి. అయినా ఆగకపోతే విప్పించి కొత్త గ్రీజు వేయించాలి, తినే వస్తువుల యంత్రాలకి వాడేది. ఇక బొద్దింకలు. వెచ్చగా, చీకటిగా, మైదా వాసనతో ఉండే మోటారు గూడు వాటికి స్వర్గం. గాలి రంధ్రాల దగ్గర మైదా దుమ్ము పేరుకోనివ్వకండి, పని అయ్యాక వేడి తగ్గాక పాత దిండు గలీబు తొడిగేయండి.

మీ లెక్కకొస్తే, ఒక నెల రోజులు బ్రెడ్డు చేత్తోనే పిసికి చూడండి. నెల తర్వాత కూడా వారానికి రెండుసార్లు చేస్తూ ఉంటే ఇక్కడే, మీ ఊళ్ళో సర్వీస్ ఉన్నదాన్ని కొనుక్కోండి. ఈలోగా తమ్ముడికి ఒక గ్రాము తేడా చూపించే డిజిటల్ త్రాసు, పిండిలో గుచ్చి వేడి చూసే థర్మామీటర్ తెమ్మని చెప్పండి. రెండూ బ్యాటరీవే తెమ్మనండి. రెండూ కలిపినా కిలో బరువు ఉండవు, మిగతా సూట్‌కేసులో పిల్లలకి చాక్లెట్లు తెచ్చుకుంటాడు.